ఎట్ల సచ్చిపోతివి రా?

గోనెగండ్లలో నేను గేముల అంగడి పెట్టింది 1998లో. రెండు పాత టీవీలు, రెండు ఎయిట్ బిట్ పెట్టెలు, ఒక బల్ల, నాలుగు స్టూళ్లు. అరగంటకు మూడు రూపాయలు. తర్వాత కొన్నేళ్లు ఎమ్మిగనూరులో ఆరు కంప్యూటర్లతో నెట్ సెంటర్ నడిపాను. ఇప్పుడు అరవై దాటింది. అంగడి లేదు, ఇంటి ముందు అరుగు ఉంది. ఆ అరుగు మీద మనవడూ వాడి జతగాళ్లూ ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. పెట్టెలు మారాయి, ఆటలు మారాయి గానీ నా చెవిన పడే మాట మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే: "సచ్చిపోతి!"

అంగడి తెరిచిన మొదటి వారంలోనే పక్కన టైలరు దగ్గరికి వచ్చిన ఒక పెద్దామె ఆ కేక విని "అయ్యో, ఎవరప్పా సచ్చిపోయింది?" అంటూ గుడ్డల సంచితో లోపలికి పరుగెత్తుకొచ్చింది. పిల్లోళ్లు టీవీలో బొమ్మను చూపించారు. ఆమె కాసేపు నిలబడి చూసి, "ఎట్ల సచ్చిపాయ?" అని అడిగింది. ఆ ప్రశ్న నాకు అప్పటి నుంచీ పట్టుకుంది. ఎవడు ఎన్ని ఆటలు గెలిచాడో నాకు గుర్తులేదు. ఎవడు ఎట్లా చచ్చాడో మాత్రం ముఖాలతో సహా గుర్తుంది. దాన్నుంచి నేను నేర్చుకున్నవి కొన్ని చెబుతాను.

1. మొదటి శత్రువును తక్కువ అంచనా వేయొద్దు.

మారియో ఆట మొదలుకాగానే కుడి పక్క నుంచి గోధుమరంగు జీవి ఒకటి నిదానంగా నడిచి వస్తుంది. దాని పేరు గూంబా. కత్తి లేదు, తుపాకి లేదు, పరిగెత్తను కూడా రాదు. మా అంగడికి కొత్తగా వచ్చిన ప్రతి పిల్లోడూ దానికే తగిలి చచ్చాడు. ఏం చేస్తుందో చూద్దామని నిలబడేవాడు, అది వచ్చి తగిలేది, అంతే.

దాని వెనకే ఇంకో తమాషా ఉంది. రెండోసారి గూంబాను దాటి, ప్రశ్న గుర్తున్న దిమ్మను తలతో కొడితే పుట్టగొడుగు బయటికి వస్తుంది. గూంబా దెబ్బ తిన్నవాడికి అదీ శత్రువులాగే కనిపిస్తుంది కదా, పారిపోతాడు. పుట్టగొడుగు కుడికి పోయి, అక్కడున్న పచ్చ గొట్టానికి గుద్దుకుని, తిరిగి వీడి మీదికే వస్తుంది. "సచ్చిపోతి!" అని కళ్లు మూసుకునేవాళ్లను నేను పదుల సంఖ్యలో చూశాను. కళ్లు తెరిచేసరికి బొమ్మ పెద్దదై నిలబడి ఉంటుంది. 1985లో షిగెరు మియామొటో, ఆయన జతగాళ్లు ఆ మొదటి నిమిషాన్ని ఎంత ఆలోచించి అమర్చారో పిల్లోళ్ల ముఖాల్లోనే నాకు అర్థమైంది. ఒక్క అక్షరం చదవకుండానే ఏది చంపుతుందో, ఏది పెంచుతుందో తెలిసిపోతుంది. ఇంత మంచి పంతుళ్లను నేను చూసింది తక్కువ.

2. చెయ్యి ఎత్తితే బొమ్మ ఎగరదు.

గుంత దగ్గరికి వచ్చేసరికి మీట నొక్కడం మరిచి, చేతిలో రిమోటును తల మీదికి ఎత్తేవాళ్లు. కొందరు స్టూలు మీద నుంచి లేచి తామే ఎగిరేవాళ్లు. బొమ్మ గుంతలో పడేది. ఒక్కోసారి వైరు లాక్కుని పెట్టె మొత్తం బల్ల మీద నుంచి కిందికి వచ్చేది, క్యాసెట్ కదిలి తెరంతా రంగుల గళ్లు. అప్పుడు చచ్చింది ఒక్క మారియో కాదు, పక్కన వాడి ఆట కూడా. పెట్టెలను బల్లకు సుతిలి తాడుతో కట్టేశాను. తిట్టడం కన్నా తాడు కట్టడం మేలని ఆ రోజే తెలిసింది.

3. మన గద్దను చంపేది ఎక్కువగా మన గుండే.

బ్యాటిల్ సిటీ అంటే కొందరికి తెలియదేమో, ట్యాంకుల ఆట అంటే అందరికీ తెలుస్తుంది. నామ్‌కో వాళ్లు 1985లో చేశారు. తెర కింద మధ్యలో ఇటుక గోడ లోపల మన గద్ద ఉంటుంది. ఒక్కో స్టేజీలో ఇరవై శత్రు ట్యాంకులు. గద్ద పోతే, మన దగ్గర ఎన్ని లైఫులున్నా ఆట ముగిసినట్టే.

శత్రువు గద్ద వైపు వస్తున్నాడని ఇద్దరూ కిందికి ఉరుకుతారు. కంగారులో ఒకడు కింది వైపు తిరిగి వరసగా గుండ్లు వదులుతాడు. ముందు ఇటుక పోతుంది, తర్వాత గద్ద. కాపాడను వచ్చినవాడే చంపుతాడు. జతగాడి గుండు తగిలితే మన ట్యాంకు చావదు గానీ కాసేపు కొయ్యబారి నిలబడుతుంది. ఆ కాసేపట్లోనే శత్రువు పని ముగిస్తాడు. ఈ రెండు చావుల మీద నా అంగట్లో జరిగినన్ని పంచాయితీలు ఊరి రచ్చకట్ట మీద కూడా జరిగుండవు. నా తీర్పు ఎప్పుడూ ఒకటే: గద్ద దగ్గర నిలబడేవాడు పైకి చూసే కాల్చాలి, కిందికి తిరగకూడదు. ఆ మాట పాటించిన జంట ముప్పై ఐదు స్టేజీలూ దాటడం నేను చూశాను.

4. పైకి ఎక్కేవాడు కిందవాణ్ని చూసుకోవాలి.

కాంట్రాలో మూడో స్టేజీ జలపాతం. ఇద్దరూ బండల మీద ఎగురుకుంటూ పైకి పోవాలి. ముందున్నవాడు ఎక్కేకొద్దీ తెర కూడా పైకి జరుగుతుంది. కిందవాడు తెర అంచుకు దిగువన పడిపోతే చచ్చినట్టే. వాణ్ని ఏ శత్రువూ కాల్చలేదు, ఏ గుండూ తగల్లేదు. స్నేహితుడు తొందరగా ఎక్కాడు, అంతే.

ఇద్దరు అన్నదమ్ములు వచ్చేవాళ్లు. వాళ్ల నాయన ఆదోని జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాడు. పెద్దోడు చురుకు, చిన్నోడు నిదానం. జలపాతం దగ్గర చిన్నోడి మూడు లైఫులూ అన్న చేతుల్లోనే పోయేవి. "అన్నా, నిలబడు! నిలబడన్నా!" అని వాడు ఏడుపు గొంతుతో అరిచేవాడు. అన్నకు వినపడేది కాదు, కళ్లు పైబండ మీదే. ఒకరోజు చిన్నోడు రిమోటు బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు. మరుసటి రోజు పెద్దోడు ఒక్కడే వచ్చాడు. జలపాతం దాకా పోయాడు, ఎక్కేశాడు, ఆపేశాడు. అరగంటలో ఇంకా పది నిమిషాలు మిగిలి ఉన్నాయి. లేచిపోయి తమ్ముణ్ని పిలుచుకొచ్చాడు. ఆ రోజు నుంచి ప్రతి బండ మీదా ఆగి "వచ్చితివా?" అని అడిగి, "వచ్చితి" అని వినిపించాకే ఎగిరేవాడు. వచ్చితివా, వచ్చితి. ఆ రెండు మాటలు నా చెవిలో ఇప్పటికీ ఉన్నాయి.

ఆ ఆటలో ముప్పై లైఫుల మంత్రం ఉందని ఎమ్మిగనూరు నుంచి ఎవడో మోసుకొచ్చాడు: పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ. దాన్ని మొదట పెట్టింది కజుహిసా హషిమొటో అనే కొనామి ఉద్యోగి. 1986లో గ్రేడియస్ అనే ఆటను సరిచూస్తున్నప్పుడు, అది తనకే కష్టమై, తన కోసం రాసుకున్నాడు. తీసేయడం మరిచిపోతే లోకమంతా వాడుకుంది. ఆటను తయారుచేసినవాడే చస్తూ ఉన్నాడని చెబితే ఏడుపు ముఖం పెట్టిన పిల్లోడు కూడా తేరుకునేవాడు.

5. కరెంటు పోయి చచ్చినవాడికి డబ్బు వాపసు ఇవ్వాలి.

మారియోలో ఎనిమిదో లోకం దాకా పోయినవాడికి, ఆ ఆటలో దాచుకునే వీలు లేదు గనుక, ఫ్యాను ఆగిన క్షణానే అంతా పోయినట్టు. చీకట్లో ఎవరూ అరిచేవాళ్లు కాదు. మామూలు చావుకు కేక ఉంటుంది, దీనికి నిశ్శబ్దమే. నేను డబ్బు వాపసు ఇచ్చి, కరెంటు వచ్చాక మళ్లీ మొదటి నుంచి ఉత్తినే ఆడుకోమనేవాణ్ని. తన తప్పు లేని చావుకు పిల్లోడి చేత డబ్బు కట్టించకూడదు.

6. వాకిలి తెరుచుకున్నాక వెనక్కి పోవద్దు.

బడి కంప్యూటర్లలో, నెట్ సెంటర్లలో డేవ్ ఆడనివాళ్లు ఉన్నారా? జాన్ రొమేరో 1988లో చేసిన చిన్న ఆట. ఎర్ర టోపీవాడు వజ్రాలు ఏరుకుంటూ పోయి బంగారు కప్పు అందుకుంటే వాకిలి తెరుచుకుంటుంది. కప్పు చేతికొచ్చింది, వాకిలి రెండడుగుల్లో ఉంది. వీడి కన్ను మాత్రం వదిలేసిన ఒక్క వజ్రం మీద ఉంటుంది. అది మంట మీదే ఉంటుంది. ఎగురుతాడు, పడతాడు, భగ్గుమంటాడు. ఒక లైఫు పోయి, మళ్లీ మొదటి చోటికే.

2000లో నార్వే నుంచి వచ్చిన ప్రాజెక్ట్ ఐజీఐ ఇంకా కఠినం. తుపాకుల ఆట, ఒక్కో మిషన్‌కు అరగంట పైన పట్టేది, మధ్యలో ఎక్కడా దాచుకునే వీలు లేదు. పాకుకుంటూ పోయి, కెమెరాల కంట పడకుండా, నలభై మందిని దాటినవాడు చివర నిచ్చెన దిగేటప్పుడు కాలు జారి చచ్చేవాడు. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి పైకప్పు వైపు చూసేవాళ్లు. ఆ చూపు నాకు బాగా తెలుసు. తర్వాతి భాగంలో కొన్నిసార్లు దాచుకునే వీలు పెట్టారు, మంచి పని చేశారు. అయినా మొదటిదే ఇష్టమనేవాళ్లు మా దగ్గర ఎక్కువ. ఎందుకంటే దాన్ని దాటినవాడికి వీధిలో పేరు వచ్చేది.

7. నీళ్ల దగ్గర తేడా తెలియాలి.

వైస్ సిటీ ఆటలో హీరో టామీ కారు నడుపుతాడు, హెలికాప్టర్ నడుపుతాడు, ఊరంతా దడదడలాడిస్తాడు. ఈత మాత్రం రాదు. వంతెన మీద నుంచి కారు నీళ్లలో పడిందా, అంతే సంగతి. మా మండలంలోనే హంద్రీ మీద గాజులదిన్నె ప్రాజెక్టు ఉంది. ఆ నీళ్లలో ఈత నేర్చిన పిల్లోళ్లకు ఈ చావు నవ్వు తెప్పించేది. "ఇంత మొగోనికి ఈత రాదా మామా?" అని పొట్ట పట్టుకునేవాళ్లు. కావాలనే కారును సముద్రంలోకి తోలి మరీ నవ్వుకునేవాళ్లు.

నేనూ వాళ్లతో నవ్వాను. నవ్వాక ఒక మాట చెప్పేవాణ్ని. టామీ మునిగితే ఆసుపత్రి ముందు లేచి నిలబడతాడు, కొంత డబ్బు, చేతిలో తుపాకులు పోతాయి, అంతకు మించి ఏమీ పోదు. మన ప్రాజెక్టులో మునిగినవాడు గట్టు మీద లేచి నిలబడడు. వానాకాలం నీళ్లు నిండినప్పుడు పెద్దవాళ్లు లేకుండా దిగొద్దని ప్రతి ఏడూ చెప్పాను. ఆటలో చావును చూసి ఎంతైనా నవ్వండి, నీళ్లను చూసి మాత్రం నవ్వొద్దు.

8. పాము తన తోక మీదే చస్తుంది.

నోకియా ఫోనులో పామును 1997లో టనేలి అర్మాంటో పెట్టాడు. పెరిగేకొద్దీ తిరగను చోటు ఉండదు. పత్తి తూకం దగ్గర వంతు కోసం ఎదురుచూసే రైతులు కూడా అదే ఆడేవాళ్లు. ఇంతకంటే దీని గురించి చెప్పేదేమీ లేదు.

9. నిలువునా తవ్వొద్దు.

మైన్‌క్రాఫ్ట్ నా మనవడు నేర్పాడు. అందులో భూమిని తవ్వి బొగ్గు, ఇనుము, వజ్రాలు తీస్తారు. వాడు కాళ్ల కింద నేలనే నేరుగా తవ్వుకుంటూ దిగిపోయాడు. ఎక్కడో అడుగున ఒక్క దిమ్మ తీయగానే కింద ఎర్రగా కాలుతున్న లావా. మనిషి, మూట, రెండు రోజులు కూడబెట్టిన వజ్రాలు అన్నీ కాలిపోయాయి. "తాతా, అంతా పాయ!" అని అరుగు మీద బోర్లా పడుకున్నాడు.

అప్పుడు మా ఇంటికి ఒక ముసలాయన వచ్చి ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు బావులు తవ్విన మనిషి. ఫోను తీసుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. "మళ్ల తవ్వి చూపీ" అన్నాడు. వాడు చూపించాడు. "నీ కాళ్ల కింద నేల నువ్వే తీసుకుంటే యాడ నిలబడతావు నాయనా? పక్కకు మెట్టు కొట్టు. దాని మీద నిలబడి ఇంకో మెట్టు కొట్టు. దిగను దారి, ఎక్కను దారి" అన్నాడు. ఫోను ఎప్పుడూ ముట్టని మనిషి. లోకమంతా మైన్‌క్రాఫ్ట్ ఆడేవాళ్లు చివరికి పట్టుకున్న పద్ధతి కూడా అదే, మెట్లు కొట్టుకుంటూ దిగడం. మా సీమలో దిగుడుబావుల మెట్లు చూసిన ప్రతి ఒక్కరికీ అది తెలుసు. మనవడు ఇప్పుడు మెట్లు కొట్టే దిగుతున్నాడు.

10. ముందుగా గుర్తు చూపి చంపితే అది న్యాయం.

ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పిల్లోళ్లు ఒక చావుకు నవ్వుతారు, ఇంకో చావుకు ఫోను విసిరేస్తారు. రెండింటికీ తేడా ఏమిటని చాన్నాళ్లు చూశాను.

2007లో జపాన్‌లో వచ్చిన పిల్లి మారియో అనే ఆట ఉంది. ఆకాశంలో మేఘం కూడా చంపుతుంది. ఎగిరితే కనపడని ఇటుక తలకు తగిలి గుంతలో పడేస్తుంది. పక్కవాడు చస్తుంటే చూడను భలే ఉంటుంది. తాను ఆడితే మాత్రం పది చావుల తర్వాత విసుగు. ఎందుకంటే అక్కడ కన్ను వాడి ప్రయోజనం లేదు, చచ్చి బట్టీ పట్టడమే.

2011లో వచ్చిన డార్క్ సోల్స్ కూడా చంపడానికే పేరుపడింది. అందులో నిధి పెట్టెలుంటాయి. కొన్ని పెట్టెలు పెట్టెలు కావు, నోరు తెరిచి మనిషిని మింగే భూతాలు. మొదటిసారి మింగినప్పుడు ఆడేవాడి అరుపు వీధి చివరికి వినిపిస్తుంది. కానీ ఆ భూతం పెట్టె పక్కనున్న గొలుసు తిరిగిన తీరు మామూలు పెట్టె గొలుసు కన్నా వేరుగా ఉంటుంది. చూసే కన్ను ఉంటే ముందే పట్టుకోవచ్చు. అది తెలిసిన పిల్లోడు "నా తప్పే" అని ఒప్పుకుని మళ్లీ మొదలుపెడతాడు. గుర్తు చూపించి చంపిన ఆట మీద వాడికి కోపం రాదు. ఆటలు తయారుచేసే మన తెలుగు పిల్లలు హైదరాబాదులో, బెంగళూరులో చాలామంది ఉన్నారు. వాళ్లను నేను అడిగేది ఇదొక్కటే: చంపండి, గానీ గొలుసు చూపించి చంపండి.

11. కొన్ని చావులు గెలుపు కన్నా పెద్దవి.

పబ్‌జీలో నవ్వు తెప్పించే చావులకు లెక్కలేదు. బాంబు పిన్ను తీసి, ఎటు వేద్దామా అని ఆలోచిస్తూ చేతిలోనే పేల్చుకున్నవాడు. పోతున్న జీపు నుంచి దూకినవాడు. దెబ్బతిని నాక్ అయిన జతగాడికి ఊపిరి పోయబోయి తానూ పక్కనే పడిపోయినవాడు. బయట మిగిలినవాణ్ని చంపుతూ సర్కిల్‌ను కుదించే నీలం గీత వెనక నుంచి తరుముకొస్తుంటే ఇంకో ఇంట్లో తుపాకి వెతుక్కున్నవాడు. 2020 సెప్టెంబర్ 2న ప్రభుత్వం ఆ ఆటను ఆపేసింది, 2021 జూలైలో బీజీఎంఐ పేరుతో మళ్లీ వచ్చింది. మా అరుగు మీద నలుగురు పిల్లోళ్ల జట్టు రెండు పేర్లతోనూ ఆడింది.

ఆ నలుగురిలో ఒకడి అమ్మానాన్నలు ఏటా సుగ్గికి పోతారు. ఎమ్మిగనూరు, ఆదోని, కోసిగి పక్క పల్లెల నుంచి గుంటూరు మిరపకాయ కోతలకు కుటుంబాలకు కుటుంబాలే లారీలెక్కి పోవడం మా దగ్గర తెలియనివాళ్లు లేరు. ఆ ఏడు వాణ్నీ తీసుకుపోయారు. పగలు కోత, రాత్రి చేను పక్క గుడారంలో ఫోను. ముగ్గురు ఇక్కడ అరుగు మీద, ఒకడు అక్కడ మిరప చేలో. చివరి పది మందిలో నలుగురూ మిగిలారు. సరిగ్గా అప్పుడు అక్కడ సిగ్నల్ పోయింది. వాడి బొమ్మ బయలు నడుమ కొయ్యలాగ నిలబడిపోయింది.

నీలం గీత వస్తోంది. ముగ్గురూ సర్కిల్ లోపలికి పరిగెత్తితే గెలిచేవాళ్లే. నా మనవడు "పదండ్రా" అన్నాడు. ఇంకొకడు "వాడు వస్తాడు, ఆగు" అన్నాడు. ముగ్గురూ ఆ నిలబడిపోయిన బొమ్మ చుట్టూ మూడు దిక్కులా కూర్చుని కాపలా కాశారు. గీత వచ్చేసింది. నలుగురూ ఒకరి తర్వాత ఒకరు అక్కడే చచ్చారు. ముగ్గురూ పడీపడీ నవ్వారు. పది నిమిషాల తర్వాత గుంటూరు పక్క నుంచి ఫోను వచ్చింది. "ఏమాయరా, గెలిచితిరా?" అని అడిగాడు వాడు. "నీ పక్కనే సచ్చిపోతిమి" అని చెప్పారు.

ఇన్నేళ్లలో నేను చూసిన చావుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

12. తల్లులకూ తండ్రులకూ ఒక మాట.

మీ ఇంట్లో పిల్లోడు ఫోను పక్కన పడేసి "సచ్చిపోతి" అన్నప్పుడు చదువు మాట ఎత్తొద్దనను, ఎత్తండి. దానికి ముందు ఆ టైలరు అంగడి పెద్దామె అడిగినట్టు ఒక్కసారి అడగండి: "ఎట్ల సచ్చిపోతివి రా?" వాడు మీ పక్కన కూర్చుని చేతులు తిప్పుతూ చెబుతాడు. ఐదు నిమిషాలు పడుతుంది. వినండి.